నలిగిన నోటు... నష్టమెవరికి?

కోల్‌కతాలో పది రూపాయల నోటును పుచ్చుకునేవారు ముందుగా దాని మొహం చూడరు, మడత చూస్తారు. మడత వద్ద చిరుగు కనిపించినా, అతికించిన కాగితం తగిలినా, 'చోల్‌బే నా' అనే రెండు మాటలతో బేరం ముగుస్తుంది. చెల్లదని దాని అర్థం. చేపల అంగడిలోనూ, ఆటోలోనూ, మినీబస్సులోనూ ఇదే తంతు. చెల్లదని చెప్పే అధికారం దుకాణదారుకు ఎవరిచ్చారన్నది ఒక ప్రశ్న. దుకాణదారు పుచ్చుకుంటే ఆ తరువాత దానిని ఎవరు పుచ్చుకుంటారన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న.

చట్టం మాట స్పష్టంగానే ఉన్నది. రిజర్వు బ్యాంకు చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం నోటు దేశమంతటా చెల్లుబాటయ్యే ద్రవ్యం. చిరిగిన, చెరిగిన, మరీ మాసిన నోట్లను రిజర్వు బ్యాంకు తిరిగి చెలామణిలోకి పంపరాదని 27వ సెక్షన్ చెబుతున్నది. అయితే 28వ సెక్షన్‌లో ఒక మెలిక ఉన్నది. పాడైన నోటుకు విలువ చెల్లించమని కోరడం పౌరుని హక్కు కాదు; నిబంధనలకు లోబడి రిజర్వు బ్యాంకు చూపే అనుగ్రహం మాత్రమే.

ఆ అనుగ్రహానికి కొలతలు 2009 నాటి నోట్ల వాపసు నిబంధనలలో ఉన్నాయి. 2018లో వాటిని సవరించారు. ఇరవై రూపాయలు, అంతకు లోపు నోట్లకు, ఉన్న ముక్కల్లో పెద్దది నోటు వైశాల్యంలో సగానికి మించితే పూర్తి విలువ లభిస్తుంది. లేకుంటే ఏమీ రాదు. యాభై, అంతకు మించిన నోట్లకు పెద్ద ముక్క 80 శాతం దాటితే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం మధ్య ఉంటే సగం విలువ, అంతకంటె తక్కువైతే శూన్యం. కేవలం మాసిన నోటు, రెండు ముక్కలైనా భాగమేదీ పోకుండా అతికించిన నోటు ఈ లెక్కలోకే రావు. వాటిని ఏ బ్యాంకు శాఖ అయినా మార్చి ఇవ్వవలసిందే. రోజుకు ఇరవై నోట్ల వరకు, అయిదు వేల రూపాయలకు మించకుండా, ఎటువంటి రుసుమూ లేకుండా కౌంటరు వద్దనే మార్చాలన్నది ఆదేశం.

ఇంత సదుపాయం ఉండగా దుకాణదారు ఎందుకు నిరాకరిస్తాడు? అతని లెక్క వేరు. పది రూపాయల నోటు మార్చుకోవడానికి బ్యాంకుకు వెళ్లి వరుసలో నిలబడితే గంట పోతుంది. ఆ గంటలో పోయే బేరం ఆ నోటు కంటె ఎక్కువ. కనుక చిరిగిన నోటును బ్యాంకుకు చేర్చడం కంటె మరొకరికి అంటగట్టడమే అతనికి లాభం. అందరూ ఇదే లెక్క వేసుకుంటారు. మంచి నోటు జేబులో దాచుకుని, చెడ్డ నోటును ముందు వదిలించుకుంటారు. చివరకు అది ఎవరి వద్ద ఆగుతుంది? కాదనే ధైర్యం లేని కూరగాయల ముసలమ్మ వద్ద, చీకటిలో కూలి డబ్బులు పుచ్చుకునే రిక్షావాని వద్ద. పెద్దనోటు పాడైతే యజమాని బ్యాంకుకు వెళతాడు. చిన్ననోటు పాడైతే దాని నష్టం పేదవాని మీద పడే పన్నుగా మారుతుంది.

ఈ సందులోనే దళారి ప్రవేశిస్తాడు. చిరిగిన నోట్లను వట్టం పట్టుకుని పుచ్చుకునే వ్యాపారం కోల్‌కతాకు కొత్త కాదు. నవాబుల కాలం నుంచి అక్కడ సిక్కా రూపాయి ముద్రించిన ఏడాది మాత్రమే పూర్తి విలువకు చెల్లేది. రెండో ఏట నూటికి మూడు, ఆ తరువాత అయిదు చొప్పున షరాబులు వట్టం కోసేవారు. నాణెం మీద పాదుషా పాలనా సంవత్సరం ఉండడమే దీనికి ఆధారం. ఈ బెడద తప్పించడానికి ఈస్టిండియా కంపెనీ ఒక ఉపాయం పన్నింది. ఏ ఏడాది ముద్రించినా నాణెం మీద షా ఆలం పాలనలోని 19వ సంవత్సరమే వేయించింది. వయస్సు తెలియకపోతే వట్టం ఎలా కోస్తారు? 1835లో కంపెనీ పాలిత ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయి వచ్చాక ఆ సిక్కాల కథ ముగిసింది. హాలీ సిక్కాకు, కల్దారుకు మధ్య మారకపు లెక్కలు వేసిన తెలంగాణ పెద్దలకు ఈ బాధ చెప్పనవసరం లేదు.

నోట్ల దుస్థితికి ప్రజల అలవాట్లనే నిందించడం న్యాయం కాదు. 1994, 1995 సంవత్సరాలలో ఒకటి, రెండు, అయిదు రూపాయల నోట్ల ముద్రణను ఒకదాని వెంట ఒకటిగా నిలిపివేశారు. చెలామణిలో ఉన్న పాత నోట్లే పీలికలయ్యే వరకు తిరిగాయి. కట్టలకు పిన్నులు కొట్టే పద్ధతి వల్ల కొత్త నోటుకు బ్యాంకులోనే చిల్లు పడేది. 1999లో రిజర్వు బ్యాంకు పరిశుభ్ర నోట్ల విధానాన్ని ప్రకటించింది. 2001లో పిన్నులు మాని, కాగితపు పట్టీలు వేయమని బ్యాంకులను ఆదేశించింది. పెద్ద నోట్ల విషయంలో ఫలితం కనిపించింది. చిన్న నోట్లు బ్యాంకుకు తిరిగి చేరడమే అరుదు కనుక వాటికి ఆ మేలు అందలేదు.

నోటు కాకుంటే నాణెం అనుకుందామా? అక్కడా కోల్‌కతాది విచిత్రానుభవమే. 2007లో నగరంలో నాణేలకు తీవ్రమైన కొరత ఏర్పడింది. వాటిని బంగ్లాదేశ్‌కు దొంగచాటుగా తరలించి, గడ్డం గీసుకునే బ్లేడ్లు చేస్తున్నారని అప్పట్లో వార్తలు వచ్చాయి. పదేళ్లు తిరిగేసరికి కథ తలకిందులైంది. 2016 నాటి నోట్ల రద్దు తరువాత నాణేలు గుట్టలుపడ్డాయి. చిన్న సైజు రూపాయి బిళ్లను వర్తకులు ముట్టలేదు. గోదాములు నిండిపోవడంతో 2018 జనవరిలో కోల్‌కతా, హైదరాబాద్ సహా నాలుగు టంకశాలలలోనూ ముద్రణ కొద్ది రోజులు ఆపవలసి వచ్చింది. నాణేలను తిరస్కరించరాదని మరుసటి నెలలో రిజర్వు బ్యాంకు బ్యాంకులను హెచ్చరించింది. పది రూపాయల బిళ్ల విషయంలో మన తెలుగు జిల్లాలలోనూ ఇదే వదంతి వ్యాపించింది. పద్నాలుగు నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు ప్రకటించవలసి వచ్చింది.

విదేశాల సంగతీ గమనార్హమే. మయన్మార్‌లో మడత పడిన అమెరికన్ డాలరును పుచ్చుకోని రోజులు చాలాకాలం సాగాయి. సొంత కరెన్సీ కుప్పకూలి డాలరును ఆశ్రయించిన జింబాబ్వేలో జనం మాసిన డాలర్లను సబ్బునీటితో ఉతికి ఆరవేసుకున్నారు. ఆ నోటును మార్చి ఇచ్చే కేంద్ర బ్యాంకు వారి దేశంలో లేదు. మనకు ఆ లోపం లేదు. నోటు మనదే, బ్యాంకు మనదే. ఆ బ్యాంకు 1935లో పుట్టిన తొలినాళ్లలో దాని కేంద్ర కార్యాలయం ఉన్నది సాక్షాత్తూ కోల్‌కతాలోనే.

సెల్‌ఫోను చెల్లింపులతో సమస్య దానంతటదే తీరుతుందని కొందరి వాదన. తగ్గుతుందనడం నిజమే, తీరుతుందనడం తొందరపాటు. ఫోను లేనివారికి, చిన్న బేరాలకు నోటే ఆధారం. ఏటీఎంలలో వంద, రెండు వందల నోట్లు తప్పక ఉంచాలని 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. పది, ఇరవై రూపాయల నోట్ల ప్రస్తావన అందులో లేదు.

దుకాణదారును దండించి ప్రయోజనం లేదు. మార్పిడిని అతని గుమ్మం వద్దకు తీసుకువెళ్లాలి. పెద్ద అంగళ్లలో, బస్సు డిపోలలో వారానికి ఒకనాడు బ్యాంకులు చిన్న నోట్ల మార్పిడి జరిపితే చాలు. ఏ నోటు చెల్లుతుందో స్థానిక భాషలో, బొమ్మలతో బోర్డులు కట్టడానికి పెద్ద ఖర్చు కాదు. నోటు మీద సొమ్ము చెల్లిస్తానన్న గవర్నరు వాగ్దానం ఉన్నది. ఆ వాగ్దానం ఐదు వందల నోటుకు ఎంత గట్టిదో, చేపల తడి తగిలి మెత్తబడిన పది రూపాయల నోటుకూ అంతే గట్టిది కావాలి.