తారు డ్రమ్ము కింద మంట, మన ఒంటి మీద మచ్చ

మైపాడు రోడ్డు మీదనో, ముత్తుకూరు రోడ్డు మీదనో, విడవలూరు వైపో మీరు చూసే ఉంటారు. రోడ్డు వార రాళ్ళ పొయ్యి, దానిమీద తారు డ్రమ్ము, కింద కట్టెలు, పాత టైర్లు. నల్లటి పొగ. కాళ్ళకు గోనెపట్టా చుట్టుకుని, చేతులకు గుడ్డపేలికలు కట్టుకుని ఆ పొగలో నిలబడి తారు తోడేది ఎవరు? మాలవాడ మనిషి, మాదిగవాడ మనిషి, యానాదుల కాలనీ మనిషి. కాంట్రాక్టరు బామ్మర్ది అక్కడ నిలబడంగా మేం ఏనాడూ చూడలేదు.

మా వాడ పిల్లోడొకడు వానల తర్వాత గుంతలు పూడ్చే పనికి పోయాడు. డ్రమ్ములు వారం రోజులుగా మూతల్లేకుండా వానలో నానుతా ఉండాయి. "నీళ్ళుండాయన్నా" అంటే, "ఇగిరిపోతాయిలే అబ్బయ్యా, మంటెయ్" అన్నాడు మేస్త్రి. కాసేపటికి డ్రమ్ము బుస్సుమని పొంగింది. రెండు చేతులూ మోచేతుల దాకా తారే. పక్కనోళ్ళు పాపం మేలు చేస్తున్నామనుకుని ఆ తారు పీకారు. తారుతోపాటు తోలూ ఊడొచ్చింది. కాంట్రాక్టరు ఇచ్చింది ఆటో కిరాయి. "వాడి కర్మ" అని ఒక మాట.

కర్మ కాదు. ఇందులో లెక్క ఉంది. లీటరు నీళ్ళు ఆవిరైతే సుమారు పదహారు వందల లీటర్ల చోటు కావాలి. నూరు డిగ్రీలు దాటిన తారు అడుగున నీళ్ళుంటే ఆ ఆవిరి తారును ఎగదన్నుకుని బయటికొస్తుంది. ఇంకో సంగతి. మంట నేరుగా తగిలే డ్రమ్ములో అడుగు మాడిపోతా ఉంటే పైన ఇంకా గడ్డగానే ఉంటుంది. ఆ గడ్డ కింద ఇరుక్కున్న ఆవిరి ఎటు పోవాలి? మన మొహం మీదికే. రోడ్డుకు వాడే మామూలు తారుకు 150 నుంచి 165 డిగ్రీల వేడి చాలు. 220 చుట్టుపక్కలకు పోతే పైకొచ్చే ఆవిరికి నిప్పురవ్వ తగిలినా భగ్గుమంటుంది. కట్టెల పొయ్యి మీద ఆ డిగ్రీలు కొలిచేదెవరు?

మరి దీనికి దారి లేదా? ఉంది. మంట ఒక చోట, తారు ఒక చోట ఉండే ట్యాంకు ఎప్పుడో వచ్చింది. అందులో మంట కాచేది తారును కాదు, వేరే ఒక నూనెను. కాగిన నూనెను పంపు తారు ట్యాంకు లోపలి గొట్టాల్లో తిప్పుతుంది. గొట్టాల వేడికి తారు నిదానంగా, అంతటా ఒకే తీరుగా కరుగుతుంది. వేడి చూపించే మీటరు ఉంటుంది. పెట్టిన డిగ్రీ దాటితే మంట దానంతటదే ఆగుతుంది. తారు మాడదు కాబట్టి జిగురు పోదు, రోడ్డూ నిలబడుతుంది. తోడే పని లేదు, పంపే పోస్తుంది.

మన జిల్లా మీదుగా పోయే చెన్నై–కోల్‌కతా రహదారి, 2010 దాకా 5వ నెంబరు, ఇప్పుడు 16. అట్లాంటి పెద్ద రోడ్లకు తారు కలిపే ప్లాంట్లలో ఈ నూనె ట్యాంకులు మామూలే. అదే తారు మన వాడకు పోయే రోడ్డుకు వచ్చేసరికి పొయ్యి, డ్రమ్ము, టైరు ఎందుకయ్యాయి? ట్యాంకుకు డబ్బు కావాలి. మన తోలు ఉత్తపుణ్యానికి దొరుకుతుంది. కాంట్రాక్టరు లెక్క ఇంతే.

ఈ కోస్తాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాయుగుండాలు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది. అట్లాంటి ప్రతి వాన తర్వాతా రోడ్ల రిపేరు పడుతుంది. తడిసిన డ్రమ్ములకు నిప్పు పెట్టేదీ అప్పుడే. అంటే గండం మనకు ఏటా వచ్చేదే.

ట్యాంకు వస్తే చాలు, అంతా బాగైపోతుందని మేం చెప్పడం లేదు. తారు తగ్గి గొట్టాలు పైకి తేలితే మంట ఆపాలి. నూనె కారితే అదీ అంటుకుంటుంది. తారు అంటుకుంటే నీళ్ళు కొట్టకూడదు, మూత వేసి పొడి ఇసుక చల్లాలి. ఇవన్నీ పనివాళ్ళకు ముందే, తెలుగులో చెప్పాలి.

1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబ్ అంబేద్కరే. పనివాడి ప్రాణానికి బాధ్యత సర్కారుదీ యజమానిదీ అన్న మాట మనకు కొత్త కాదు. 1923 నాటి నష్టపరిహార చట్టం, 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్లలో కలిసిపోయాయి. చట్టం పేరు మారింది గానీ యజమాని బాధ్యత పోలేదు. అయితే మస్టర్లో పేరు లేనోడికి ఏ చట్టమూ అందదు.

అందుకే కాలిన తర్వాత పరిహారం అడగడం ఒక్కటే చాలదు. కాలకముందే అడగాలి. మా మాట ఇది: టెండరు కాగితంలోనే నూనె గొట్టాల ట్యాంకు రాయాలి, దాని ఖర్చు అంచనాలోనే చూపాలి. బహిరంగ మంట మీద డ్రమ్ము పెడితే బిల్లు ఆపాలి. పనికొచ్చిన ప్రతి మనిషి పేరూ మస్టర్లో ఎక్కాలి. చేతులకు, కాళ్ళకు, కళ్ళకు రక్షణ కాంట్రాక్టరే ఇవ్వాలి. ఈ కాగితం మండలాఫీసులో, రోడ్ల శాఖ ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి.

అప్పటిదాకా ఈ రెండు మాటలు ప్రతి వాడలో చెప్పండి. తారు పడితే పీకొద్దు, కిరసనాయిలు రుద్దొద్దు; వెంటనే ఇరవై నిమిషాలు చన్నీళ్ళు పోసి ఆస్పత్రికి తీసుకుపోండి. తడిసిన డ్రమ్ముకు నిప్పు పెట్టమని మేస్త్రి అంటే, పెట్టమని చెప్పండి. ఒక్కడు చెపితే కూలి పోతుంది. పదిమందీ ఒకే మాట మీద ఉంటే డ్రమ్మే పోతుంది.