జేబు మునగకుండా వెనిస్!

వీధులు ఉండాల్సిన చోట కాలువలు, బస్సులు తిరగాల్సిన చోట పడవలు. కొత్త జంటల కలల ఊళ్లలో ఇటలీలోని వెనిస్ పేరు లేకుండా ఉండదు. 1979లో ‘ది గ్రేట్ గ్యాంబ్లర్’ సినిమాలో అమితాబ్, జీనత్ అమన్‌ల గోండోలా పాట చూసినప్పటి నుంచీ మనవాళ్లకూ ఆ సరదా ఉంది. సరదా సరే, అక్కడి ధరలు వింటేనే గుండె గుభేలుమంటుంది!

నిజానికి ఆ ధరల్లో చాలా భాగం పర్యాటకుల కోసం పెట్టినవే. ఆ ఊరివాళ్లు కాలువ ఎలా దాటుతారో, కాఫీ ఎక్కడ తాగుతారో, ఏ సందులో తింటారో చూసి అలాగే చేస్తే ఖర్చు బాగా దిగొస్తుంది. లెక్క సులువుగా ఉండటానికి యూరోను వంద రూపాయలనుకుందాం. ఇక్కడ చెప్పినవి 2025 నాటి ధరలు.

రెండు యూరోల గోండోలా

గోండోలా షికారుకు అక్కడి నగరపాలక సంస్థ నిర్ణయించిన రేటు పగలైతే అరగంటకు 90 యూరోలు. రాత్రి ఏడు దాటితే 35 నిమిషాలకు 110. అంటే తొమ్మిది వేల నుంచి పదకొండు వేల రూపాయలు! అయితే ఇది మనిషికి కాదు, పడవకి. ఐదుగురు ఎక్కొచ్చు. కాబట్టి పగటిపూట ఐదుగురూ పంచుకుంటే తలకి 18 యూరోలే.

అదీ ఎక్కువే అనుకుంటే మరో దారి ఉంది. ఊరి మధ్యలో పాములా మెలికలు తిరిగే గ్రాండ్ కెనాల్ దాదాపు నాలుగు కిలోమీటర్ల పొడవు. దాని మీద వంతెనలు మాత్రం నాలుగే. అందుకే అక్కడక్కడా ‘ట్రగెట్టో’ రేవులున్నాయి. గోండోలా లాంటి పడవే, కాకపోతే కాస్త పెద్దది. ముందొకరు, వెనకొకరు తెడ్డు వేస్తూ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరుస్తారు. గోదావరి రేవు దాటినట్టే అన్నమాట! స్థానికులు నిలబడే దాటేస్తారు. బయటివాళ్లకు టికెట్ రెండు యూరోలు. ప్రయాణం రెండు మూడు నిమిషాలే అయినా ఫొటోలో మాత్రం గోండోలానే కనిపిస్తుంది. రియాల్టో సంతకు ఎదురుగా ఉన్న శాంటా సోఫియా రేవు ఇందుకు అనువైన చోటు.

ఇక పడవ బస్సు... దాన్ని వాపొరెట్టో అంటారు. 75 నిమిషాలు చెల్లే టికెట్ తొమ్మిదిన్నర యూరోలు. ఒక రోజు పాస్ 25. మూడుసార్లు ఎక్కే పని ఉంటే పాసే లాభం. ఒకటో నంబరు పడవ ప్రతి రేవులోనూ ఆగుతూ గ్రాండ్ కెనాల్ పొడవునా నెమ్మదిగా సాగుతుంది. రెండు పక్కలా వందల ఏళ్లనాటి భవంతులే. గైడూ అక్కర్లేదు, టూరూ అక్కర్లేదు. ఇరుకు సందుల్లో దారి తప్పుతామన్న భయం వద్దు. గోడల మీద రియాల్టో, శాన్ మార్కో అని బాణం గుర్తులతో పసుపు బోర్డులుంటాయి.

టికెట్ లేని అందాలు

నిట్టూర్పుల వంతెన దగ్గర ప్రేమజంటలు ఫొటోలకు పోటీపడతాయి. విచిత్రమేమిటంటే అది రాజభవనం నుంచి జైలుకు ఖైదీలను నడిపించిన దారి. ఆ నిట్టూర్పులు వాళ్లవేనంటారు! దాన్ని బయటి నుంచి చూడటానికి టికెట్ లేదు. 1630-31లో ప్లేగు ఊరిని ఊడ్చేశాక మొక్కు తీర్చుకోవడానికి కట్టిన శాంటా మరియా డెల్లా సల్యూటె చర్చిలోకీ ప్రవేశం ఉచితమే. సాయంత్రం అకాడెమియా వంతెన మీద నిలబడితే ఆ చర్చి గోపురం వెనక ఆకాశం రంగులు మారడం కనిపిస్తుంది. నెలలో మొదటి ఆదివారం అక్కడుంటే అకాడెమియా చిత్రశాలకూ టికెట్ అక్కర్లేదు.

నిలబడితే ఒక రేటు, కూర్చుంటే ఒకటి

ఇటలీలో కాఫీకి రెండు ధరలు. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒకటిన్నర యూరో అటూఇటూ. అదే కాఫీ శాన్ మార్కో కూడలిలో కుర్చీ లాక్కుని తాగితే ఎన్నో రెట్లు. పక్కన వాద్యబృందం వాయిస్తుంటే దానికీ విడిగా వడ్డిస్తారు!

భోజనానికి ‘బాకరో’లు వెతుక్కోవాలి. సందుల్లో ఉండే చిన్న వైన్ దుకాణాలివి. అద్దాల బీరువాలో చికెట్టి అనే చిరుతిళ్లు వరసగా పేర్చి ఉంటాయి. ఒక్కోటి రెండు మూడు యూరోలు. నాలుగు తింటే పూట గడిచిపోతుంది. ఉల్లిపాయ, వెనిగర్, ఎండుద్రాక్షలో ఊరబెట్టిన చేపలు వెనిస్ ప్రత్యేకం. సముద్రం మీద చేపలు పాడవకుండా నావికులు కనిపెట్టిన ఉపాయమట. శాకాహారులు ‘సెంజా కార్నె, సెంజా పెషె’ అంటే మాంసం, చేప లేకుండా ఇస్తారు. రిసోట్టోను చూసి మన అన్నమే కదా అని మురిసిపోకండి, చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లతో వండుతారు. అడిగి తీసుకోవాలి. హోటల్లో కూర్చుంటే ‘కొపెర్టో’ పేరుతో మనిషికింత అని బిల్లులో కలుస్తుంది. మెనూలో ముందే చూసుకుంటే గొడవ ఉండదు.

తాగునీటికి ఖర్చే లేదు. కూడళ్లలో కుళాయిలున్నాయి, సీసా వెంట ఉంటే చాలు. శాన్ మార్కో మెట్ల మీద కూర్చుని పొట్లం విప్పినా, పావురాలకు గింజలు వేసినా మాత్రం జరిమానా తప్పదు.

కొనేముందు తిప్పి చూడండి

అగ్నిప్రమాదాల భయంతో 1291లో గాజు కొలుములన్నిటినీ ఊరి బయట మురానో దీవికి తరలించారు. అప్పటి నుంచీ ఆ పేరే ఒక బ్రాండు. అసలు సరుకు మీద ‘వెట్రో ఆర్టిస్టికో మురానో’ ముద్ర చూసుకోవాలి. చిన్న గాజుపూసల దండతో సరిపెట్టుకున్నా అది అసలుదైతేనే ఆ ఊరి గుర్తు. మాస్కులు కూడా కాగితపు గుజ్జుతో చేత్తో చేసినవే అసలువి. కొండపల్లి బొమ్మ పేరుతో ప్లాస్టిక్ బొమ్మ అంటగట్టే వ్యాపారం అక్కడా ఉంది! వీధిలో అమ్మే నకిలీ బ్రాండ్ల బ్యాగుల జోలికి వెళ్లొద్దు. ఇటలీలో కొన్నవాళ్లకూ జరిమానా పడుతుంది. ఒకే దుకాణంలో 70 యూరోలు దాటి కొంటే పన్ను వాపసు కాగితం అడిగి తీసుకోవడం మరవొద్దు.

రాత్రికి ఉండిపోతే...

2024 ఏప్రిల్ 25 నుంచి రద్దీ రోజుల్లో పగటిపూట చూసి వెళ్లిపోయేవారి నుంచి ప్రవేశ రుసుము వసూలు చేస్తున్నారు. ముందే కడితే 5 యూరోలు, ఆలస్యమైతే 10. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు లేదు. నగర పరిధిలో రాత్రి బస చేసేవాళ్లకూ లేదు కానీ, ఆ సంగతి ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. గది ధర భరించలేకపోతే రైల్లో పది నిమిషాల దూరంలో మెస్ట్రె ఉంది. గదులు అక్కడ చవక, అదీ నగర పరిధిలోనే కాబట్టి రుసుము బెడద ఉండదు.

రాత్రికి ఉండటంలో ఇంకో లాభముంది. సాయంత్రానికి గుంపులు తిరుగుముఖం పడతాయి. అప్పుడు వీధుల్లో మిగిలేది ఊరివాళ్లే. వాళ్లూ తగ్గిపోతున్నారు మరి. 1950ల మొదట్లో పాత వెనిస్‌లో లక్షా 70 వేల మందికి పైగా ఉండేవారు. 2022కల్లా ఆ సంఖ్య 50 వేల కిందికి జారింది. ఇళ్లు పర్యాటకుల గదులైపోతుంటే, కిరాణా కొట్లు అయస్కాంత బొమ్మల దుకాణాలుగా మారుతుంటే ఉన్నవాళ్లు మాత్రం ఎక్కడుంటారు?

అందుకే సందులోని బాకరోలో ఖర్చుపెట్టే నాలుగు యూరోలు మన జేబుకు ఆదాయే కాదు, ఆ ఊరికి ఊతం కూడా. రియాల్టో సంతలో పళ్లు కొన్నా, రేవులో రెండు యూరోలిచ్చి కాలువ దాటినా అంతే. వెనిస్‌లో పొదుపుగా తిరగడమంటే అక్కడివాళ్లలా తిరగడమే. వాళ్లు అక్కడ ఉన్నంత కాలమే ఆ పొదుపు కుదిరేది!