బొమ్మలాట కాదు, బదులు పని

పత్తి ధర గురించి రాయమని చాలామంది అడిగిన్రు, అది వచ్చే వారం రాస్త. ఇయ్యాల నా తప్పు ఒకటి చెప్పుకోవాలె.

మా చిన్నబిడ్డ పట్నంలో యానిమేషన్ డిగ్రీ చదువుతుంది. చేర్పించిన నాడు వాడకట్టోళ్లు నవ్విన్రు. నాకూ లోపల భయమే ఉండె. మొన్న కార్తీకంలో కాలేజీ వాళ్లు అయిదుగురికి కలిపి ఒక పని ఇచ్చిన్రు. స్టాప్ మోషన్‌లో ఒక్క నిమిషం సినిమా తీయాలె. అంటే వస్తువును ఇసుమంత జరిపి ఒక ఫోటో, మళ్ల ఇసుమంత జరిపి ఇంకో ఫోటో. వరుసగా తిప్పితే దానంతటదే నడిచినట్టు కనపడ్తది. సెకనుకు 12 ఫోటోలు అనుకున్నరు, నిమిషానికి 720.

బియ్యం ఇచ్చొద్దామని పాతబస్తీ పోయిన. గ్రూపులో ఒక పిల్ల ఇల్లు లాడ్ బజార్ వెనక సందుల ఉంది, అక్కడనే తీస్తున్నరు. లక్క గాజు కథ. లక్క అంటే మనకు తెలిసిందే, మోదుగ, రేగు కొమ్మలకు పట్టే పురుగుది. నిప్పుల మీద మెత్తగ చేసి కడియానికి చుట్టి, అద్దాలు, రాళ్లు ఒక్కొక్కటి అద్దుతరు. పిల్లలు ఆ రాళ్లే చీమల్లెక్క నడిచొచ్చి గాజు ఎక్కేటట్టు తీస్తున్నరు.

వెలుగు మారొద్దని కిటికీకి దుప్పటి కట్టిన్రు. కాగితం లేస్తదని ఫ్యాన్ బంద్. ఫోన్‌ను స్టాండుకు టేపుతో బిగించిన్రు. నేను బల్ల మీద చెయ్యి పెట్టబోతే అందరూ ఒక్కసారే వద్దని మొత్తుకున్నరు. వెనకటి ఫోటో తెర మీద పలచగ కనపడ్తది, దాన్ని చూసుకుంట జరుపుతరు. ఆనియన్ స్కిన్ అంటరట. ఉల్లిగడ్డ పొర ఇక్కడికి గూడ వచ్చిందా అనుకున్న. గంట సేపు కూసున్న, అయింది నాలుగు సెకన్లు.

మన దేశంల సినిమాకు దారి వేసిన ఫాల్కే గూడ 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీయక ముందు, ఒక బఠాణీ గింజ మొలకెత్తి పెరిగేది ఇట్లనే కొంచెం కొంచెం తీసి చూపించిండు. ఆ ముచ్చట నాకు బాగ నచ్చింది. రోజూ మన చేన్ల జరిగేదే కద.

ఆ గ్రూపుల ఒక పిల్లగాడు రాత్రిళ్లు వస్తలేడు. మార్కులు మాత్రం అందరికీ ఒక్కటేనట. నాకు మస్తు కోపమొచ్చింది. నాట్లకు బదులు పోతే ఎవరు ఎన్ని రోజులు వచ్చిన్రో మనకు నోటి లెక్క ఉంటది. కాలేజీల ఒక పని పుస్తకం పెట్టరాదా? ఏ రోజు ఎవరు జరిపిన్రు, ఎవరు ఫోటో కొట్టిన్రు అని. ఇప్పటికీ ఇదే అంట.

కానీ ఊరికొచ్చిన మూడో దినం నేను చేసిందేంది? మబ్బు పట్టింది, పత్తి పగిలి ఉంది, కూలీలు లేరు. బిడ్డకు ఫోన్ కొట్టి 'బొమ్మలాట తర్వాత, ముందు రా' అన్న. రాత్రి బస్సుకే వచ్చింది. రెండు రోజులు ఏరింది, ఒక్క మాట అనలే. ఏరింది 60 కిలోలు. కూలి లెక్క కడితే వెయ్యి రూపాయలు గూడ కాదు.

అక్కడ ఆ ఇంటికి పెండ్లి చుట్టాలు వచ్చేదుండె, అర్ర ఖాళీ చేయాలె. ఆగే వీలు లేక మిగిలినోళ్లే రాళ్లు జరుపుకున్నరు.

నడి నాట్లల్ల బదులు మనిషిని ఎవరన్న పిలుచుకపోతే మనం ఊకుంటమా? ఫీజు కట్టేది మనమే కాబట్టి ఎప్పుడంటే అప్పుడు పిలవొచ్చు అనుకుంటం. పత్తి నాది, నష్టం నాది. మిగిలిన పిల్లల పని చెడగొట్టే హక్కు నాకెక్కడిది? గ్రూపు ప్రాజెక్టు అంటే తారీఖులు అడిగి క్యాలెండర్ మీద రాసుకోండ్రి, ఆ రోజులల్ల పిలవకుండ్రి. చేను ఎట్లనంటరా? కిలోకు రెండు మూడు రూపాయలు ఎక్కువిచ్చి పక్కూరోళ్లను తెచ్చుకుందం.

సంక్రాంతికి వచ్చినప్పుడు సినిమా చూపించింది. బాగుంది. రాళ్లు ముద్దుగ నడిచొస్తుంటే మా ఇంటామె రెండుసార్లు పెట్టించుకుంది. నడుమ ఒక కాడ మాత్రం గాజు టక్కున ఎగిరినట్టయితది.

"ఇదేంది బిడ్డా?" అన్న.

"ఆడ చెయ్యి మారింది నాయిన" అన్నది.

ఆ రాని పిల్లగాని సంగతి గూడ అప్పుడే చెప్పింది. రాత్రిళ్లు వాళ్ల నాయిన దుకాణంల కూసోబెట్టిండట.