పిల్లల్ని సింగపూర్ పంపుతున్నారా? ఒక్క నిమిషం

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. మాది వేమూరు. తెనాలిలో రేపల్లె రైలెక్కితే చినరావూరు, జంపని దాటగానే మా ఊరే. పండగ భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని ఉంటే మా బాబాయి ఓ రంగురంగుల కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. ఆయన మనవడు తెనాల్లో ఓ ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. స్కూలు వాళ్ళు పిల్లల్ని సింగపూర్ తీసుకెళ్తారట. అయిదు రోజులు, లక్షా పదివేలు.

"నాలుగు దేశాలు తిరిగినోడివి గదరా అబ్బాయ్, పంపమంటావా?" అన్నాడు.

పంపమనే చెబుదామనుకున్నాను. తీరా కాగితం అటూ ఇటూ తిప్పి చూస్తే ఏమేం చూపిస్తారో, ఏ పూట ఏం తినిపిస్తారో అన్నీ ఉన్నాయి. ఏదైనా తేడా వస్తే ఏం చేస్తారన్నది మాత్రం ఒక్క ముక్క లేదు. అది చూడగానే నాకు 2018 గుర్తొచ్చింది.

ఆ ఏడాది మా అమ్మాయి స్కూలు వాళ్ళు (హైదరాబాదులో లెండి) ఇలాగే సింగపూర్ తీసుకెళ్తూ, తల్లిదండ్రుల్లో ఒకరిద్దరు తోడు రావచ్చు అన్నారు. సెలవు పెట్టి నేను వెళ్ళాను. 32 మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు, నేను. నాలుగు రోజులు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. శనివారం రాత్రి తిరుగు విమానం. శుక్రవారం సాయంత్రం బస్సు దిగాక ఒక అబ్బాయి బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. వాడి చిన్న సంచి కనపడట్లేదు. సంచిలో టోపీ, చిప్స్ పొట్లం, పాస్‌పోర్టు!

పాస్‌పోర్టు వాడి దగ్గరెందుకుందంటారా? హోటల్లో దిగిన రోజు రిసెప్షన్లో చూపించడానికి ఎవరిది వాళ్ళకిచ్చారు. మళ్ళీ వెనక్కి తీసుకోవడం అందరూ మర్చిపోయారు. నాతో సహా.

ఆ రాత్రే పోలీసు రిపోర్టు ఇచ్చాం. ఇక భారత హైకమిషన్‌కి వెళ్ళి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఇండియాకి తిరిగి రావడానికి మాత్రమే పనికొచ్చే కాగితం అది. దానికి పోలీసు రిపోర్టు, ఫోటోలు, పాత పాస్‌పోర్టు నకలు కావాలి. ఆ నకలేమో టూర్ ఏజెంటు ఆఫీసులో ఉంది, ఆఫీసు మూసేశారు. "వాళ్ళ నాన్న ఫోన్లో ఉంటుందేమో, అడుగుదాం" అన్నాను.

"వద్దండీ, ఇప్పుడే ఇంటికి చెబితే పేరెంట్స్ అందరూ గొడవ చేస్తారు. సెటిలయ్యాక చెబుదాం" అన్నారు పెద్ద టీచరు.

పిల్లాడు కూడా "మా నాన్నకి చెప్పొద్దంకుల్" అని ఒకటే ఏడుపు. అలా రెండు గంటలు వాదించుకుంటూ కూర్చున్నాం. మాకు కావలసిన కాగితం ఎవరి దగ్గరుందో, ఆయనకే తెలియకూడదని మా ప్రయత్నం! చివరికి రాత్రి పదకొండున్నరకి, అంటే మనకి తొమ్మిదింటికి, నేనే ఫోన్ చేశాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "వాడు అన్నం తిన్నాడా అండీ?" అన్నాడు. పది నిమిషాల్లో పాస్‌పోర్టు రెండు పేజీల ఫోటోలూ వాట్సాప్‌లో వచ్చాయి.

శని, ఆదివారాలు హైకమిషన్ సెలవు. మా అమ్మాయిని గుంపుతో పంపించేసి, ఒక టీచరూ నేనూ వాడితో ఉండిపోయాం. సోమవారం దరఖాస్తు, మంగళవారం సర్టిఫికెట్, ఆ తర్వాత అక్కడి ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర పని, బుధవారం రాత్రి విమానం. మొదటి రోజు పేరు అడిగితే మా వైపు చూసిన పిల్లాడు, మంగళవారానికి పేరు, పుట్టిన తేదీ, ఎక్కడ పోయింది, ఎలా పోయింది తనే చెప్పేస్తున్నాడు.

కథ సుఖాంతమే. కానీ బిల్లు మాత్రం వాళ్ళ నాన్నకి వెళ్ళింది. హోటలు, కొత్త టికెట్లు, టీచరు ఖర్చులతో సహా. మేం తీసుకున్న ఇన్సూరెన్సులో వచ్చింది కొత్త పాస్‌పోర్టు ఫీజు మాత్రమే. ఆయనదేమో చిన్న మెకానిక్ షెడ్డు. మూడు విడతల్లో కట్టాడు. పాస్‌పోర్టు పిల్లాడి చేతిలో వదిలేసింది మేం, డబ్బు కట్టింది ఆయన. ఇది న్యాయమేనా?

నేను చెప్పదలచుకున్నది ఇదే. "అనుకోని ఇబ్బంది" అంటుంటాం గానీ, 32 మంది పిల్లలు అయిదు రోజులు తిరిగితే ఒకరిది ఏదో ఒకటి పోవడం అనుకోనిదేం కాదు. మనం లెక్కలో వేసుకోనిది, అంతే. మా వృత్తిలో అన్నీ సరిగ్గా జరిగితే నడిచే ప్రోగ్రాం ఎవరైనా రాస్తారు. నెట్‌వర్క్ పోతే? వాడు తప్పు నంబరు కొడితే? అసలు పనంతా అక్కడే ఉంటుంది. ఆ లక్షా పదివేలు అన్నీ సరిగ్గా జరిగితే అయ్యే ఖర్చు. జరగకపోతే అయ్యే ఖర్చు కాగితం మీద లేదు, కానీ కట్టాల్సినవాడు మాత్రం ముందే ఖాయమైపోయాడు.

ఒక్కోసారి ఎవరి తప్పూ ఉండదు. 2020 మార్చి 17న కరోనా వల్ల మన ప్రభుత్వం ఫిలిప్పీన్స్, మలేషియా, ఆఫ్ఘనిస్తాన్ నుంచి విమానాలు ఆపేసింది. మనీలా నుంచి ఇళ్ళకి బయల్దేరిన మన పిల్లలు, చాలావరకు మెడిసిన్ చదివేవాళ్ళు, విమానం మారడానికి కౌలాలంపూర్లో దిగి అక్కడే ఇరుక్కుపోయారు. ప్రత్యేకంగా అనుమతిస్తే గానీ విశాఖకి, ఢిల్లీకి విమానాలు రాలేదు. వాళ్ళు పెద్ద పిల్లలు. ఆ స్థానంలో ఎనిమిదో తరగతి పిల్లలుంటే?

అలాగని పంపొద్దనడం లేదు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. నేపాల్ వైపు నుంచి 16 ఏళ్ళ లోపు వాళ్ళని ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఆ ఏప్రిల్ 18నే నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది చనిపోయారు. అలాంటి ఏడాది అది. వీళ్ళని ఊరికే పంపలేదు. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లద్దాఖ్ చలి దాకా నెలల తరబడి తయారుచేసి, ఎంతోమందిని వడకట్టి చివరికి ఇద్దర్నే పంపారు. సింగపూర్‌కి అంత అక్కర్లేదు గానీ, అందులో పదో వంతైనా వద్దా?

అందుకే బాబాయికి ఓ కాగితం మీద ఇవి రాసిచ్చాను, స్కూల్లో అడగమని:

1. పాస్‌పోర్టులు ఎవరి దగ్గరుంటాయి? నకళ్ళు టీచర్ల దగ్గర, ఇంటి దగ్గర రెండు చోట్లా ఉంటాయా?

2. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్ళకో, 18 నిండేసరికో, ఏది ముందైతే అప్పటికి అయిపోతుంది. సింగపూర్‌కేమో ఇంకా ఆర్నెల్ల గడువుండాలి. ఎవరైనా చూశారా?

3. ఇంటిపేరు పాస్‌పోర్టులో విడిగా ఉందా? మనవాళ్ళలో చాలామందికి ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఒకే పేరున్న వాళ్ళకి విజిట్ వీసా ఇవ్వమని 2022 నవంబరులో దుబాయ్ వాళ్ళు (అంటే యూఏఈ) అన్నప్పుడు తెలిసొచ్చింది.

4. ఒక పిల్లాడు ఆగిపోతే వాడితో ఎవరుంటారు? పేరు ముందే రాసివ్వగలరా?

5. ఆ ఖర్చు ఎవరిది?

6. ఏదైనా జరిగితే ఎన్ని గంటల్లో ఇంటికి ఫోన్ చేస్తారు?

నన్నడిగితే ఆరోదే అన్నిటికంటే ముఖ్యం. దాచిపెట్టిన ఆ రెండు గంటలు మాకు ఒరిగిందేమీ లేదు.

బాబాయి అంతా చదివి నవ్వాడు. "ఇందులో వింతేవుందిరా, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మన బాపట్ల దగ్గరే గదా తీరం దాటింది. కోసిన వరి పనల మీదే తడిసిపోయింది. అయినా మళ్ళీ ఏడు వరి వెయ్యలేదా? తుఫానొస్తే అప్పు ఎట్టా తీర్చాలో ఆలోచించుకునే వేశాం."

నేను అరగంట చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

పండగ సెలవులయ్యాక స్కూలుకెళ్ళి అడిగాడట. మూడింటికి వెంటనే జవాబు చెప్పారు. నాలుగు, అయిదు, ఆరు మాత్రం "కనుక్కుని చెబుతాం" అన్నారట. చెప్పాకే డబ్బు కడతానని వచ్చేశాడు. మనవడేమో నా మీద అలిగాడు, ఫోన్ చేస్తే తియ్యట్లేదు :)

మీ పిల్లల స్కూల్లో ఇలాంటి కాగితం ఇస్తే, ముందు ఆ చివరి మూడూ అడిగి చూడండి. వాళ్ళేమన్నారో నాకూ చెప్పండి.