నిలువబడి పాడిన తీజన్ బాయి

భారతకథ వినబడని యిల్లు మనలో లేదు. పురాణకాలక్షేపమునందు గాని, హరికథయందు గాని, బుర్రకథయందు గాని ద్రౌపదీ వస్త్రాపహరణ ఘట్టము వచ్చినపుడు కన్నీరు నింపని స్త్రీ యుండదు. కాని చిరకాలము ఆ కథను చెప్పువాడు పురుషుడు, తలుపుచాటున నిలిచి వినువారము మనము. ఈ మాసమున మేము పరిచయము చేయదలచిన వనిత ఆ కథను తానే చెప్పుటకై సభామధ్యమున లేచి నిలిచినది. ఆమె పేరు తీజన్ బాయి.

నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున, భిలాయి పట్టణమునకు చేరువగా గనియారీ యను పల్లె కలదు. అచ్చట 1956వ సంవత్సరమున, పార్ధీ తెగకు చెందిన బీదకుటుంబమున ఆమె జన్మించెను. బడి చదువు ఆమెకు దక్కలేదు. మాతామహుడగు బ్రిజ్‌లాల్ భారతమును పాడుచుండగా వినివినియే ఆ కథను కంఠస్థము చేసికొనెను. తరువాత ఉమేద్ సింగ్ దేశ్‌ముఖ్ అను నాతడు ఆమెకు కొంత శిక్షణ మిచ్చెను. అక్షరము రాని పిల్ల భారతమును నేర్చుట యెట్లని మీరు ఆశ్చర్యపడకుందురు గాక. ఓనమాలు దిద్దని మన అవ్వలు రోటికడ కూర్చుండి రామాయణపు పాటలను మొదటినుండి తుదివరకు తడుముకొనక పాడుచుండలేదా?

ఆ ప్రాంతపు భారతగానమునకు పాండవానీ యని పేరు. అందు భీమసేనునిదే పెద్దపీట. ప్రధానగాయకుడు ఒక చేత తంబురను, మఱియొక చేత కరతాళమును ధరించి కథ నడుపును. ప్రక్కన హార్మోనియము, తబలా మొదలగు వాద్యములు మ్రోగుచుండును. మన బుర్రకథలో వంతపాడువానివలెనే అక్కడ రాగీ యనువాడు ఒకడుండును. అతడు నడుమ నడుమ ఊకొట్టుచు, ప్రశ్నలు వేయుచు, కథకు ఊపు తెచ్చును.

ఈ గానమునకు రెండు పద్ధతులు కలవు. వేదమతి యను పద్ధతిలో గాయకుడు కూర్చుండి, గ్రంథము ననుసరించి పాడును. కాపాలికమను పద్ధతిలో లేచి నిలువబడి, రంగమంతయు తిరుగుచు, పాత్రలను తానే అభినయించుచు, అప్పటికప్పుడు మాటలు కల్పించుకొనుచు పాడును. స్త్రీలు పాడదలచినచో మొదటి పద్ధతియే వారికి తగునని పెద్దలు నిర్ణయించియుండిరి. అనగా గానమును పూర్తిగా కాదనలేదు; కూర్చుండి పాడుమనిరి. మాకు ఈ సగము అనుమతియే మిక్కిలి విచిత్రముగా తోచుచున్నది. కూర్చున్నచోటనుండి భీముడు గద నెట్లెత్తును?

పదుమూడేండ్ల ప్రాయమున ఆమె పొరుగుననున్న చంద్రఖురీ గ్రామమున మొదటిసారి సభలో పాడెను, నిలువబడియే పాడెను. అందులకు ముట్టిన ప్రతిఫలము 10 రూపాయలు.

దానికి ఆమె చెల్లించిన మూల్యము మాత్రము చిన్నది కాదు. పన్నెండవ యేటనే ఆమెకు వివాహమైయుండెను. ఆడుదై యుండి పాండవానీ పాడినదని కులమువారు ఆమెను వెలివేసిరి. మొదటి భర్త యింటికి ఆమె కాపురమునకు పోనేలేదు. ఆ బంధము తెగిపోయెను. ఆమె యొక చిన్న గుడిసె వేసికొని ఒంటరిగా బ్రతుకసాగెను. వండుకొనుటకు గిన్నెలు లేవు. ఇరుగుపొరుగువారిని అడిగి తెచ్చుకొనెను. తినుటకు గింజలు లేవు. అవియు వారినే అడిగెను. సంసారము చేయు మీకు ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. ఎరువు గిన్నెతో వండుకొను స్త్రీ ప్రొద్దున లేచినది మొదలు ఎందరి ముఖములు చూడవలెనో మీరే యెరుగుదురు. ఐనను ఆమె పాట మానలేదు.

చుట్టుపట్ల పల్లెలు ఆమెను పిలువసాగెను. నాటకకర్త హబీబ్ తన్వీర్ ఆమె ప్రతిభను గుర్తించెను. అటుపిమ్మట ప్రధానమంత్రి ఇందిరాగాంధీ యెదుట పాడు నవకాశము కలిగెను. భిలాయి ఉక్కు కర్మాగారమున ఉద్యోగము దొరకెను. ఫ్రాన్సు, జర్మనీ, టర్కీ మున్నగు దేశములలో ఆమె పాడెను. ఆమె పాడునది ఛత్తీస్‌గఢీ భాష. ఆ భాష యెరుగని శ్రోతలు ఎట్లు వినిరని మీరు అడుగవచ్చును. ఆమె చేతిలోని నెమలిఈకల తంబురను చూచినవారికి ఆ సందేహము తీరును. అదియే ఒక క్షణమున భీముని గద, మరుక్షణమున అర్జునుని ధనుస్సు, వేఱొకప్పుడు రథము, ఇంకొకప్పుడు ద్రౌపది కేశపాశము. ఆమె ఘట్టములన్నిటిలో దుశ్శాసనవధకు ఖ్యాతి మెండు. సభలో నొక స్త్రీకి జరిగిన పరాభవమునకు ప్రతీకారము తీరు ఆ ఘట్టమును, వెలివేయబడిన స్త్రీ గొంతెత్తి పాడుచుండ వినుట సామాన్యమైన అనుభవము కాదు.

బిరుదులు క్రమముగా వచ్చెను. 1995లో సంగీతనాటక అకాడమీ పురస్కారము, 2003లో పద్మభూషణము, 2018లో జపాను దేశపు ఫుకువోకా బహుమానము, 2019లో పద్మవిభూషణము లభించినవి. పార్ధీ తెగలో పుట్టి, బడి మెట్టెక్కని స్త్రీకి ఒక విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమును సమర్పించినదని వినినపుడు మాకు నవ్వును కన్నీరును ఒక్కమారే వచ్చినవి.

ఆమెవద్ద శిక్షణ పొందిన ఉషా బార్లే యను గాయనికి 2023లో పద్మశ్రీ యిచ్చిరి. ఆమెయు పాండవానీయే పాడినది. ఈమారు ఆడుది పాడవచ్చునా యని ఎవరిని అడుగవలసిన పని లేకపోయినది.