ఆకు రంగు చూడగోరువారు మాఘమాసమున బయలుదేరవలెను

దసరా సెలవులు సమీపించు దినములలో, పెన్నకు ఉత్తరపు గట్టుననున్న మా కోవూరులోను, ఏటికి ఆవలనున్న నెల్లూరిలోను, కొంత తీరిక, కొంత ధనము కలిగిన కుటుంబములవారు ఏదేని కొండప్రాంతమునకు పోయి, ఆకులు రంగు మారు శోభను కన్నులార చూచి రావలెనని తలపోయుట ఇటీవల పెరుగుచున్నది. అమెరికాలోని వర్మాంటు, న్యూహాంప్‌షైరు రాష్ట్రములలోనో, స్మోకీ పర్వతముల చెంతనున్న ఊళ్లలోనో ఉద్యోగములు చేసికొనుచున్న మన పిల్లలు ఏటేట అక్టోబరులో పంపు ఛాయాచిత్రములే ఈ కోరికకు చాలవరకు కారణము. కోరిక మంచిది. చెట్టును పూవుకొరకో, కాయకొరకో, నీడకొరకో కాక దాని ఆకుకొరకే చూడబోవుట ఉత్తమమైన అభిరుచి. అది మనవారిలో వ్యాపించుచున్నందుకు నాకు నిండు సంతోషము. కాని ప్రయాణసన్నాహమునందే ఒక మౌలికమైన పొరపాటు జరుగుచున్నది. మొదట సెలవును నిర్ణయించుకొని, ఆ సెలవునకు సరిపోవు కొండను వెదకి, ఆ కొండమీది చెట్టు మనము పోవునప్పటికి రంగు మారియుండునని ఆశించుచున్నాము. బడుల సెలవుల పట్టిక చెట్టునకు తెలియదు. ఆకు చూడబోవువాడు మొదట చెట్టు కాలమును కనుగొని, పిమ్మట తన కాలమును దానికి అనుగుణముగా దిద్దుకొనవలెను.

కవులు వర్ణించు శరదృతువు తేటపడిన ఆకాశమునకు, నిర్మలమైన నదీజలములకు ప్రసిద్ధి. ఆ వర్ణన నైరృతి రుతుపవనము భాద్రపదముతో విరమించు ఉత్తరదేశమునకు చెల్లును గాని, మన తీరమునకు చెల్లదు. ఆశ్వయుజ కార్తికములు మనకు ఈశాన్య రుతుపవనపు మాసములు. నెల్లూరు జిల్లాలో ఏడాది పొడుగున కురియు వానలో సగమునకు పైగా అక్టోబరు మొదలు డిసెంబరు లోపలనే కురియును. వాయుగుండములు, తుపానులు బంగాళాఖాతమునుండి మనమీదికి వచ్చునదియు అప్పుడే. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు కోవూరు సమీపమున జాతీయ రహదారి తెగిపోయి, పడుగుపాడు వద్ద రైలుకట్ట దెబ్బతిని, మద్రాసు విజయవాడల నడుమ రాకపోకలు స్తంభించిన సంగతి ఈ ప్రాంతమువారెవరును మరచియుండరు. అట్టి దినములలో మన పడమటి దిక్కుననున్న వెలిగొండలయందు పచ్చదనము తప్ప వేరొక వర్ణమునకు తావు లేదు. వాగులు నిండి, తీగెలు అల్లుకొని, అడవి అంతయు ఏడాదిలోకెల్ల దట్టముగా ఉండును. అది చూడదగినదే, కాని ఆకురంగుల కొరకు పోయినవాడు మాత్రము నిరాశతో తిరిగివచ్చును.

శీతలదేశములందు ఆకు ఎందువలన రంగు మారునో తెలిసికొన్నచో మన అడవుల తీరు సులభముగా బోధపడును. అక్కడ పగటి ప్రమాణము తగ్గుట చెట్టునకు మొదటి సూచన, రాత్రుల చలి రెండవది. శీతకాలమున నేల గడ్డకట్టి వేళ్లకు నీరందని స్థితి రానున్నది కావున, చెట్టు ముందే ఆకుకాడ మొదట బెండువంటి ఒక పొరను నిర్మించుకొని, ఆకులోని సారమును కొమ్మలలోనికి లాగికొనును. పత్రహరితము విచ్ఛిన్నమైన కొలది, ఇన్నాళ్లు దాని చాటున మరుగుపడియున్న కెరోటినాయిడ్లు అను పసుపు, నారింజ ద్రవ్యములు బయటపడును. ఎరుపునకు కారణమైన ఆంథోసయనిన్ మాత్రము ముందునుండి దాగియున్నది కాదు, ఆకులో చిక్కుకొనిపోయిన చక్కెరనుండి ఆ చివరి దినములలో క్రొత్తగా తయారగునది. పగళ్లు నిర్మలమైన ఎండతోను, రాత్రులు మంచు గడ్డకట్టనంతటి చలితోను ఉన్న సంవత్సరమున ఆ ఎరుపు మిక్కిలి ప్రకాశించును. ముసురు పట్టిన ఏడు వెలవెలబోవును. ఈ రంగు ఉత్తరమునుండి దక్షిణమునకు, శిఖరమునుండి లోయకు దిగివచ్చును కావున వర్మాంటులో సెప్టెంబరు చివరనుండి అక్టోబరు నడిమి వరకు కనబడు శోభ, స్మోకీ పర్వతముల దిగువ వాలులలో నవంబరు ఆరంభమునకు గాని రాదు.

మన అడవికి చలి ప్రమాదకరము కాదు, దప్పిక ప్రమాదకరము. వెలిగొండ, నల్లమల, శేషాచల, పాలకొండలయందలి అడవులు చాలవరకు ఎండుటాకు అడవులు, అనగా వానలు ఆగిన పిమ్మట నేలలోని తడి క్రమముగా ఇంకిపోవుటను చూచి ఆకును విడుచునవి. పుష్యము గడచి మాఘము వచ్చునప్పటికి, రాతినేలల ఎత్తైన వాలులమీది చెట్లు మొదట, వాగుల ఒడ్డుననున్నవి చివరను పచ్చదనమును వీడును. చిరిమాను ఆకు రాగివన్నెకు తిరిగి, కొండవాలు అంతయు తుప్పురంగు పులిమినట్లగును. నల్లమద్ది ఆకు గోధుమవన్నె పట్టి, రాలకముందు బహుదినములు కొమ్మనంటి గాలికి గలగలలాడును. తపసి చెట్టు అన్ని ఆకులను విడిచి, తెల్లని నున్నని బెరడుతో చీకటిపడువేళ వెన్నెలలో తడిసినట్లు నిలుచును. మన ఈ నాలుగు కొండవరుసలకే ప్రధానముగా పరిమితమైన ఎర్రచందనమును దాని కాండపు పొలుసుబెరడును బట్టి గుర్తింపవలెనన్నచో, అది ఆకు విడిచి నిలిచిన ఈ మాసములకంటె అనువైన కాలము లేదు. ఆకు రాలిన అడవిలో ఏమి చూతుమని అడుగువారికి నా ప్రత్యుత్తరము కొండగోగు. ఒక్క ఆకైనను లేని వంకర కొమ్మల చివర, అరచేయంత పసుపుపచ్చని పూవులు విచ్చుకొని, బూడిదవన్నె కొండమీద క్రోసు దూరమునుండి కనబడును. మోదుగయు, బూరుగయు ఎర్రబడుట ఆ దినములలోనే.

ఇంకొక విశేషమును నేను ముఖ్యముగా పేర్కొనవలెను. దీనిని మన ప్రయాణికులు గమనింపక పోవుచున్నారు. శీతలదేశమున ఎర్రబారునది ముదుసలి ఆకు. మన దేశమున అంతకంటె విస్తారముగా ఎర్రబారునది పసి ఆకు. ఫాల్గునము చివర ఇప్ప చెట్టు రాగిచిగురు తొడుగును. రావి లేతాకు గులాబీవన్నెతో ఎండను తనలోనుండి ప్రసరింపజేయును. మామిడి చిగురు సంగతి తెలుగువానికి చెప్పనక్కరలేదు. అక్కడ వృద్ధపత్రమును ఎర్రజేసిన ఆంథోసయనినే ఇక్కడ శిశుపత్రమును ఎర్రజేయుచున్నది. పత్రహరితము ఇంకను నిండని లేతదశలో తీవ్రమైన ఎండనుండియు, పురుగులనుండియు ఆకును కాపాడుటకు అది తోడ్పడునని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున మన కొండలలో రెండు రంగుల కాలములున్నవి: మాఘమున రాలుటాకుది ఒకటి, ఉగాదికి ఇటునటు చిగురుటాకుది ఒకటి. ఈ రెండింటి నడుమ నలుబది ఏబది దినముల వ్యవధియందు ఒకే కొండను రెండుమార్లు చూడగలిగినవాడు మిక్కిలి అదృష్టవంతుడు. కొండలదాకా పోలేనివారికి ఈ తీరపు ఊళ్లలోనే బాదముచెట్టు కలదు. ఏడాదికి రెండుమార్లు ఆకు విడుచు ఆ చెట్టు, రాల్చుటకు ముందు తన వెడల్పైన ఆకులను ముదురు ఎరుపునకు తెచ్చును. పెరటిలో ఊడ్చివేయవలసిన చెత్తగా మనము చూచు ఆ ఆకు మేపిలు ఆకునకు వర్ణమున ఏమాత్రమును తీసిపోదు.

ఈ యాత్ర క్రొత్తదియు కాదు. మాఘ బహుళ చతుర్దశి మహాశివరాత్రి. ఆ పర్వమునకు శ్రీశైలము పోవు కాలినడక యాత్రికులు నంద్యాల జిల్లా ఆత్మకూరు (మన జిల్లాలోని ఆత్మకూరు కాదు) సమీపముననున్న వెంకటాపురము వద్ద అడవి ప్రవేశించి, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారము మీదుగా నల్లమలను దాటుచున్నారు. ఉగాదికి కన్నడదేశపు భక్తులు వేలకొలది అదే విధముగా నడచివత్తురు. అనగా మొదటివారు రాలుటాకుమీద, రెండవవారు చిగురుటాకు క్రింద నడచుచున్నారు. అహోబిలపు బ్రహ్మోత్సవములు ఫాల్గునమున వచ్చును. పెద్దలు ఈ తిథులను ఆకుకొరకు ఏర్పరచిరని నేను అనను. వాగులు తగ్గి, త్రోవ కానవచ్చి, ఎండ ఇంకను ముదరని కాలము నడకకు అనువైనదగుట చాలు. కాని ఆ తిథులను అనుసరించినందున తరతరములవారు అడవిని దాని వర్ణపరిణామ కాలముననే చూచిరి. ఇప్పుడు మనము ఆ కాలమున కారు అద్దములు మూసికొని కొండ ఎక్కి, దర్శనము చేసికొని, అడవిని ఒక్కమారైనను నిలిచి చూడక దిగివచ్చుచున్నాము.

కావున కోవూరివారికి నా సూచన ఇది. మాఘమాసమున వరినాట్ల సందడి ముగిసి, కోతలు ఇంకను ఆరంభము కాని విరామము డెల్టా రైతునకు సహజముగా చిక్కును. పదవతరగతి, ఇంటరు పరీక్షలున్న ఇండ్లవారు ఉగాది చిగురునకు వాయిదా వేసికొనవచ్చును. తెల్లవారుజామున బయలుదేరి, మన జిల్లాలోని ఆత్మకూరు దాటి బద్వేలు త్రోవ పట్టినచో, ఆ రహదారి వెలిగొండలను అడ్డముగా దాటును. అక్కడ తొందరపడక కనుమలో ప్రొద్దుటి ఎండను చూడవలెను. ఏలయన ఎండ ఏటవాలుగా ఆకు వెనుకనుండి వచ్చినప్పుడే దాని నిజమైన వర్ణము తెలియును, నడిప్రొద్దున అంతయు ఒక్కటే బూడిదగా తోచును. బద్వేలు, మైదుకూరు, ఆళ్లగడ్డ మీదుగా అహోబిలము చేరి అక్కడ రాత్రి నిలిచి, మరునాటి ఉదయము ఎగువ అహోబిలపు వాలులను నడచి చూడవచ్చును. పిమ్మట నంద్యాలనుండి గిద్దలూరు వైపు పోవు పగటి రైలెక్కి కిటికీ ప్రక్కన కూర్చున్నచో, గాజులపల్లె, చెలమ, దిగువమెట్టల నడుమ నల్లమల ఇరుప్రక్కల దగ్గరగా జరిగిపోవును. నడకకు శక్తి చాలని వృద్ధులకు ఇంతకంటె మంచి మార్గము నాకు తోచదు. నంద్యాల జిల్లాలో బైర్లూటి, పచ్చెర్లలయందు అటవీశాఖవారి విడుదులు కలవు. ముందుగా ఏర్పాటు చేసికొనవలెను. దోర్నాల శ్రీశైలము ఘాటు రోడ్డుమీద రాత్రివేళ వాహనములను పోనీయరు, అది పులులున్న అభయారణ్యము. ఆ నియమమును లెక్కించుకొనియే ప్రయాణవేళలను నిర్ణయించుకొనవలెను.

దసరా కార్తికములందే పోవలెనన్న పట్టుదల ఉన్నవారు అరకు పోవచ్చును. అక్కడ నవంబరు నెలలో చూడవలసినది ఆకు కాదు, గిరిజనుల మెట్టచేలలో కొండవాలు నిండ పసుపుపచ్చగా పూచు వలిసె. శరత్తున ఆకుకొరకే పోవలెనన్నచో కాశ్మీరము పోవలెను. శ్రీనగరములోని నిషాత్, షాలిమారు తోటలయందును, నసీంబాగునందును గల చినారులు అక్టోబరు చివరి వారమునుండి నవంబరు నడిమి వరకు ఎర్రబారును. 2025 జూన్ 6వ తేదీన కట్రా శ్రీనగరముల నడుమ రైలు ఆరంభమైనందున ఆ దూరయాత్ర మనవారికి పూర్వముకంటె సులభమైనది. దసరా పదిదినములలో పోయినవారికి చినారు పచ్చగానే కనబడును; దీపావళి దాటిన పిమ్మట పోవుట మేలు. అమెరికాలోని పిల్లలవద్దకు పోవు తలిదండ్రులు చాలమంది మండువేసవిలో పోయి సెప్టెంబరునకు తిరిగివచ్చుచున్నారు. ఒక్క నెల ఆలస్యముగా పోయి, ఒక్క నెల ఆలస్యముగా తిరిగివచ్చినచో ఆ దేశపు సౌందర్యములో ఉత్తమభాగమును చూడగలరు.

మన అడవులకు పోవువారు ఒక భయమును మాత్రము ఎల్లప్పుడు తలయందుంచుకొనవలెను. ఆకు రాలు కాలమే కార్చిచ్చు కాలము. ఫిబ్రవరినుండి మే వరకు నల్లమలలో రేగు మంటలకు మూలము చాలవరకు మనుష్యుడే, ఆర్పక పారవేసిన బీడీయో, వంట ముగించి వదలిన పొయ్యియో. ఎండుటాకు పరుపుమీద నిప్పు ఒకమారు ప్రాకినచో, ఏటి మొలకలన్నియు, నేలమీద గూడు పెట్టు పక్షులన్నియు దగ్ధమగును. ఆ అడవిని నమ్ముకొని తేనె, జిగురు, ఫలములు ఏరుకొను చెంచుల జీవికయు దానితో పోవును. భోజనము ఇంటినుండి వండుకొని పోవలెను. అగ్గిపెట్టె కొండ దిగువననే విడువవలెను. అటవీశాఖవారు మూసిన బాటలోనికి ఎంతటి శోభ కనబడినను పోరాదు.

ఇక ప్రభుత్వమువారు చేయవలసినది. జపానులో ఏ సీమయందు ఆకు ఎప్పుడు ఎర్రబారునో ముందుగా అంచనా వేసి ప్రకటింతురు. న్యూఇంగ్లండు రాష్ట్రముల పర్యాటకశాఖలు శరత్తున వారమువారము రంగుల స్థితిని తెలియజేయును. మన అడవులలో బీటు అధికారులు, కావలివారు నిత్యము తిరుగుచున్నారు. చిరిమాను ఎక్కడ రాగివన్నె పట్టినదో, కొండగోగు ఏ వాలున పూచినదో వారికి తెలియును, కాని ఆ జ్ఞానము ఏ కాగితముమీదికిని ఎక్కుటలేదు. పుష్యమాసాంతమునుండి ఉగాది వరకు వారమునకొకమారు వెలిగొండ, నల్లమల, శేషాచలముల ఆకుస్థితిని, తెరచియున్న బాటలను, కార్చిచ్చు భయమువలన మూసిన బాటలను కలిపి అటవీశాఖ ఒక ప్రకటన వెలువరించుటకు క్రొత్త ఉద్యోగి ఒక్కడును అవసరము లేదు. ఆ ప్రకటనను జిల్లా పుటలయందు ప్రకటించుటకు పత్రికలు వెనుదీయవని నా విశ్వాసము. రాబోవు మాఘమునకే నెల్లూరు, నంద్యాల, కడప అటవీ విభాగములవారు దీనిని ఆరంభింపవలెనని కోరుచున్నాను.