చదివించిన చేతులకు తాళాలా? హెచ్-4 ఆడబిడ్డల పని హక్కు కోసం కదలండి!



కావలి, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు. మన నెల్లూరు తీరంలో ఏ ఊరికైనా పోండి. అమెరికాలో కూతురో కోడలో ఉన్న ఇల్లు కనపడకుండా ఉంటుందా? రొయ్యల గుంట మీద అప్పు తెచ్చి బీటెక్ చదివించిన బిడ్డలు వాళ్లు. చెన్నైలోనో, బెంగళూరులోనో, హైదరాబాదులోనో ఉద్యోగం సంపాదించుకుని, నెల తిరిగేసరికి ఇంటికి డబ్బు పంపిన బిడ్డలు. పెళ్లయింది. అమెరికా సంబంధమని కయ్య అమ్మించి మరీ కట్నం పోయించుకున్నారు. బిడ్డ విమానం ఎక్కింది. దిగిన రోజు నుంచి ఆమె సంపాదన సున్నా!

ఏం తప్పు చేసిందని? పాస్‌పోర్టులో హెచ్-4 అని ముద్ర పడింది, అంతే!

మొగుడికి ఉద్యోగపు వీసా హెచ్-1బీ, పెళ్లానికి హెచ్-4. ఆ వీసా మీద ఉండొచ్చు, ఫీజు కట్టుకుని చదువుకోవచ్చు, వండి పెట్టొచ్చు, బిడ్డల్ని కనొచ్చు. జీతానికి పని మాత్రం చెయ్యకూడదు! పని అనుమతి లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబర్ కూడా ఇవ్వరు. ఆమె పేరు మీద సొంత రూపాయి ఉండదు. బస్సు పాసుకైనా చెయ్యి చాచాల్సిందే. ఇక్కడ బీరువా తాళం చేతిలో పెట్టుకుని ఇల్లు నడిపిన పిల్ల, అక్కడ అమ్మానాన్నకి మందులకని వెయ్యి రూపాయలు పంపాలన్నా మొగుడి ముఖం చూడాలి. ఏం బతుకు అది? మీ బిడ్డ మీకు ఫోనులో ఇదంతా చెప్తుందా? చెప్పదు. "బాగున్నానమ్మా" అంటుంది. మనకి తెలియదా ఆ గొంతు?

అప్పుడు మొదలవుతుంది గుట్టుగా పని.

పాత మేనేజరు ఫోన్ చేస్తాడు. "నీలాంటి మనిషి మళ్లీ దొరకదమ్మా, కొన్నాళ్లు అక్కడి నుంచే లాగిన్ అవ్వు" అంటాడు. చుట్టాలు ధైర్యం చెప్తారు. "జీతం ఇక్కడి అకౌంట్లోనే కదా పడతాది, అమెరికా వాళ్లకి ఎట్లా తెలుస్తాది?" సరేనంటుంది పిల్ల. చెన్నైలో పొద్దున తొమ్మిదిన్నరకి ఆఫీసు తెరిస్తే ఎండాకాలంలో డాలస్‌లో రాత్రి పదకొండు. బిడ్డని పడుకోబెట్టి లాప్‌టాప్ తెరుస్తుంది. కెమెరా ఆపుతుంది, వెనక గోడ కనపడకూడదని. బిడ్డ ఏడిస్తే మైకు కట్టేస్తుంది. తెల్లారేదాకా పని, తెల్లారాక ఇంటి పని. పక్కింటి తెలుగావిడ "ఏం చేస్తుంటావమ్మా?" అనడిగితే అబద్ధం చెప్పాలి. కష్టపడి పని చేసుకుంటూ దొంగలా భయపడటం ఏంది? ఎవరు పెట్టారు ఈ భయం?

అక్కా, చెల్లీ, ఈ మాట జాగ్రత్తగా వినండి. జీతం ఎక్కడ పడినా, కంపెనీ ఏ దేశానిదైనా, మీరు కూర్చుని పని చేసేది అమెరికా నేల మీద. అనుమతి లేకుండా అలా చేస్తే వీసా షరతు తప్పినట్టేనని అక్కడి ఇమిగ్రేషన్ లాయర్లలో ఎక్కువమంది చెప్పే మాట. వాట్సాప్‌లో చీరలు అమ్మినా, పచ్చళ్లు పెట్టి అమ్మినా ఇదే తంటా. దెబ్బ ఇవాళ తగలదు. ఏళ్ల తర్వాత తగులుతుంది, గ్రీన్‌కార్డు ఫారం నింపేటప్పుడు. "అనుమతి లేకుండా ఎప్పుడైనా పని చేశారా?" అని ప్రశ్న ఉంటుంది అందులో. అవునని రాస్తే ఒక తిప్పలు, కాదని రాస్తే అబద్ధం, అది ఇంకా పెద్ద తిప్పలు. ఉద్యోగం దారిలో గ్రీన్‌కార్డు అడిగే కుటుంబాలకి చట్టం మొత్తం 180 రోజుల దాకా మినహాయింపు ఇస్తుంది. ఆ గీత దాటితే అక్కడే ఉండి గ్రీన్‌కార్డు తీసుకునే దారికే ఎసరు. "కొన్నాళ్లు చెయ్యి" అన్న మేనేజరు అప్పుడు ఫోన్ ఎత్తుతాడా? "ఎట్లా తెలుస్తాది" అన్న చుట్టం వచ్చి సాక్ష్యం చెప్తాడా?

బిడ్డల్ని తిట్టడానికి రాయడం లేదు ఇది. చదువుకున్న మనిషిని నాలుగు గోడల మధ్య ఏళ్ల తరబడి కూర్చోబెట్టే నిబంధనది తప్పు. ఆ నిబంధన మారాలి!

మారదా? ఒకసారి మారింది! హెచ్-4 వాళ్లు ఏళ్ల పాటు గొంతెత్తితే 2015 మే 26 నుంచి ఒబామా ప్రభుత్వం కొందరికి పని అనుమతి కార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. దాన్నే అందరూ ఈఏడీ అంటారు. 2017 చివరికి కొత్తగా ఆ కార్డు అందుకున్నవాళ్లు 90 వేల మందికి పైనే. నూటికి 93 మంది మన దేశం వాళ్లే, అందులోనూ దాదాపు అందరూ ఆడవాళ్లే. ఎన్ని ఇళ్లల్లో దీపం వెలిగిందో ఆలోచించండి!

కానీ ఆ కార్డు అందరికీ రాదు. మొగుడి కోసం కంపెనీ పెట్టే గ్రీన్‌కార్డు అర్జీ, అంటే ఐ-140కి, ఆమోదం వచ్చి ఉండాలి, లేదా గ్రీన్‌కార్డు పని మొదలై ఆరేళ్ల గడువు దాటి హెచ్-1బీ పొడిగించి ఉండాలి. నిన్నగాక మొన్న లాటరీలో హెచ్-1బీ వచ్చిన కుర్రాడి భార్యకి ఏళ్ల ఎదురుచూపే. ఆ తర్వాత గ్రీన్‌కార్డు క్యూ! ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతం మించకూడదని 1990లో రాసుకున్న లెక్క. మనంత జనం ఉన్న దేశానికీ అదే 7, మన జిల్లా అంత లేని దేశానికీ అదే 7. 2025లో మనవాళ్లలో వంతు వచ్చింది ఎవరికి? 2013 ప్రాంతంలో వరసలో నిలబడినవాళ్లకి!

ఉన్న కార్డు మీద కూడా కత్తి వేలాడుతూనే ఉంది. సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అనే కరెంటు కంపెనీలో ఉద్యోగాలు పోయిన ఐటీ వాళ్లు ఈ కార్డు రద్దు చెయ్యాలని 2015లోనే కోర్టుకెక్కారు. వాళ్ల కడుపుమంట మనకి అర్థం కాదా? అవుతుంది. చవగ్గా వస్తారని మనుషుల్ని మార్చేసిన కంపెనీలది ఆ పాపం, ఇంట్లో కూర్చున్న కోడలిది కాదు. పదేళ్లు నడిచింది ఆ కేసు. 2025 అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని విననంది. హమ్మయ్య అనుకున్నాం. అదే నెల 30న ఇంకో దెబ్బ! కార్డు రెన్యువల్‌కి అర్జీ పెట్టుకుంటే కొత్తది వచ్చేలోపు కొన్నాళ్లు పాతదే చెల్లే వెసులుబాటు ఉండేది. ఆ రోజు నుంచి పెట్టే అర్జీలకి తీసేశారు. కొత్త కార్డు ఆలస్యమైతే? గడువు తీరిన రోజే ఉద్యోగం బంద్! ఇంటి లోను ఆగుతుందా? బిడ్డ డేకేర్ ఫీజు ఆగుతుందా?

మరి ఎల్-2 వాళ్ల సంగతి చూడండి. కంపెనీ తన మనిషినే ఎల్-1 మీద అమెరికాకి బదిలీ చేస్తే అతని భార్యకి ఎల్-2. 2021 నవంబరు నుంచి ఆమెకి వేరే కార్డే అక్కర్లేదు, దిగిన రోజు నుంచే పని చేసుకోవచ్చు. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ భార్యకీ పని చేసుకునే హక్కుంది. ఒకే కాలేజీలో ఒకే బెంచీ మీద చదివిన ఇద్దరు అమ్మాయిలు. ఒకరు ఆఫీసుకి, ఒకరు వంటింటికి! ఎందుకీ తేడా? ఎల్-2కి ఇచ్చినట్టే హెచ్-4కీ వీసాతోపాటే పని హక్కు ఇవ్వాలి. మనం అడిగేది ఇదొక్కటే.

నెల్లూరులో కూర్చుని అమెరికాని అడుగుతారా అని నవ్వేవాళ్లుంటారు. 1992లో మన జిల్లా దూబగుంట ఆడవాళ్లని చూసి కూడా నవ్వారు! రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న కూలి తల్లులు ఆ ఊరి రోశమ్మను ముందు పెట్టుకుని సారా దుకాణం మీదికి నడిచారు. జిల్లా లేచింది. రాష్ట్రం లేచింది. 1993 అక్టోబరు 1న సారా బందయింది. మనం వాళ్ల జిల్లావాళ్లం కామా? మన ఆడవాళ్లకి అడగడం కొత్తా?

ఇవాళే చెయ్యాల్సినవి ఉన్నాయి. సంబంధం మాట్లాడేటప్పుడు ప్యాకేజీ ఎంత, ఇల్లు ఎక్కడ అని అడుగుతాం కదా? "అబ్బాయి ఐ-140 అయిందా? కాగితం చూపించండి" అని అడగండి. మొహమాటం వద్దు! పెళ్లయ్యాక అడిగి లాభం లేదు. "ఇంట్లో ఊరికే కూర్చునే బదులు రహస్యంగా పని చెయ్యరాదా" అని కోడలి మీద ఒత్తిడి పెట్టే అత్తమామలారా, రేపు ఇరుక్కునేది ఆ కోడలి గ్రీన్‌కార్డే! ఇప్పటికే పని చేస్తున్న చెల్లెళ్లారా, భయపడి దాచుకోకండి. ఇవాళే ఆపి, ఇమిగ్రేషన్ లాయర్‌తో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎన్ని రోజులు చేశారన్నది అక్కడ లెక్కకొస్తుంది.

కొట్టే మొగుడు, పాస్‌పోర్టు దాచే మొగుడు ఉన్న చెల్లీ, నీకు వేరే దారి ఉంది. హింసకు గురైన హెచ్-4 భార్య మొగుడి సంతకం లేకుండానే ఐ-765వీ ఫారంతో పని అనుమతి అడగొచ్చు. మొగుడి ఐ-140తో దానికి సంబంధం లేదు. ఢిల్లీలో జాతీయ మహిళా కమిషన్‌కి ఎన్నారై విభాగం ఉంది. మన రాష్ట్రానికి ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది. అమెరికాలో మన కాన్సులేట్లు ఉన్నాయి. అమ్మానాన్నలారా, ఆ తలుపులు తట్టడం పరువు తక్కువ కాదు. బిడ్డ కంటే ఎక్కువా పరువు?

తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాల సభలకి వెళ్లే పెద్దలారా! వేదిక మీద శాలువాలు కప్పించుకునే ముందు హెచ్-4 పని హక్కు మీద తీర్మానం చెయ్యండి. సభకొచ్చే అమెరికా నాయకుల చేతిలో ఆ కాగితం పెట్టండి. మీ డబ్బు, మీ పలుకుబడి మన ఆడబిడ్డలకి కాకపోతే ఇంకెవరికి?

ఈ కరపత్రం వెనక వైపు సంతకాల కోసం ఖాళీ వదిలాం. పైన "హెచ్-4 వాళ్లకు వీసాతోపాటే పని హక్కు ఇవ్వాలని అమెరికా ప్రభుత్వంతో మాట్లాడండి" అని విదేశాంగ మంత్రికి రాసి ఉంది. కింద ఇంటి పేరుతో సంతకం చెయ్యండి. అమ్మ చెయ్యాలి, నాన్న చెయ్యాలి, నాయనమ్మ వేలిముద్రైనా వెయ్యాలి. వీధిలో అందరి చేతా పెట్టించి మన ఎంపీ ఆఫీసుకి చేర్చండి. చేర్చినట్టు రసీదు అడిగి తీసుకోండి. ఫోటో తీసి డాలస్‌లో ఉన్న బిడ్డకి ఈ రాత్రే పంపండి!